వీలునామాలో ఇంటావిడ

ఆదోనిలో నేను ప్లీడరును. కెనడా వచ్చాక మిస్సిసాగాలో లా క్లర్కును. ఈ దిగుడు చూసి మా బంధువులు చాలాకాలం జాలిపడ్డారు గాని, నాకు మాత్రం రెండో ఉద్యోగమే బాగా కుదిరింది. ప్లీడరన్నాక గొంతెత్తాలి. క్లర్కు నోరు మూసుకుని వింటే చాలు, దానికి జీతం కూడా ఇస్తారు.

మా ఆఫీసులో వీలునామాలు, చనిపోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు తప్ప మరో పని ఉండేది కాదు. ఇప్పుడు రిటైరయ్యాను. మా పేటలో అద్దెకుండే స్టూడెంట్లు బస్టాపు దగ్గర కలిసినప్పుడు, "అంకుల్, మీరేం జాబ్ చేసేవాళ్లు?" అని అడుగుతారు. "విల్లు రాయించే ఆఫీసులో" అంటే "ఓహ్" అని ఫోను చూసుకుంటారు. పాతికేళ్లవాళ్లకు ఆ మాట చెవికెక్కదు. మా దగ్గరకు వచ్చే యాభై ఏళ్లవాళ్లకే ఎక్కేది కాదు. అందుకని బస్టాపులో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఒక్క ఫైలు గురించే. ఆ ఫైలుకు సంబంధించినావిడ "రాసుకోండన్నా, పేర్లు మాత్రం వద్దు" అన్నాకే మొదలుపెట్టాను. కాబట్టి ఇందులో ఎవరి పేరూ ఉండదు.

కోవిడ్‌కు ముందు సంగతి. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులు. వాటర్లూ, గ్వెల్ఫ్, మిస్సిసాగా, ఎక్కడ చూసినా బేస్‌మెంటుకు నలుగురైదుగురు చొప్పున ఉండేవాళ్లు. ఇంటాయన పైన, పిల్లలు కింద. ఆ రోజుల్లో మా ఆఫీసుకొచ్చే తెలుగువాళ్లలో సగం మంది ఇళ్లు ఇలాగే ఉండేవి.

మా ఆఫీసు ఒక ప్లాజాలో, పళ్ల డాక్టరు పైన మేడ మీద ఉండేది. మా లాయరమ్మ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, అప్పటికే అరవై దాటాయి. కోర్టుకెళ్లినా ఆఫీసులో ఉన్నా కాళ్లకు కాన్వాసు బూట్లే. నవ్వడం తక్కువ, తొందరపడటం అసలు లేదు. ముందు గదిలో కూర్చునే రిసెప్షనిస్టు పోర్చుగీసు దీవుల నుంచి వచ్చినావిడ. ఫోనులో పేరు విని, పలకడం కష్టమైతే చాలు, ఆ ఫైలు తెచ్చి నా బల్ల మీద పడేసేది. "మీ దేశం వాళ్లే" అనేది. శ్రీలంక వాళ్లవీ, ఒకసారి ఫిజీ వాళ్లదీ కూడా అలాగే నాకు వచ్చాయి.

ఆ వేసవిలో అలా వచ్చిన ఫైలే ఇది. ఈసారి ఆవిడ అంచనా తప్పలేదు.

గ్వెల్ఫ్ నుంచి ఒక జంట వచ్చారు. ఆయనకు యాభై ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మెషినిస్టు, గోదావరి జిల్లా మనిషి. ఆవిడ ఆయనకన్నా కొంచెం చిన్న, ఒంగోలు వైపు. ఎయిర్‌పోర్టు దగ్గర మందుల గోడౌనులో ప్యాకింగ్ పని. తలుపు తెరుచుకోగానే నేను అలవాటుగా, "రండి, కూర్చోండి" అన్నాను తెలుగులో.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తెలుగువాళ్లా మీరు?"

"అవునండీ. ఆదోని."

ఆయన ఆవిడ వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఇంత దూరం వచ్చింది ఇందుకేనా?" అన్నాడు.

నాకు వినపడింది. గ్వెల్ఫ్‌లో లాయర్లు లేక కాదు, తెలిసినవాళ్ల కంట పడకూడదని నాలుగొందల ఒకటో నంబరు హైవే మీద ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చారని అర్థమైంది. లోపలికి నేను రానక్కర్లేదని, తనకు ఇంగ్లీషు వచ్చని ఆయన రిసెప్షనిస్టుకు చెప్పాడు. నేను నా బల్ల దగ్గరే ఉండిపోయాను. వెనక్కి వెళ్లిపోతారేమో అనుకున్నాను గాని ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

కాసేపటికి లాయరమ్మ తలుపు తీసి నన్ను పిలిచింది. "నేను ఒక చిన్న ప్రశ్న అడిగాను. పెళ్లి ఏ సంవత్సరంలో అయిందని. ఈయన ఒకటి చెప్పారు, ఈవిడ ఒకటి చెప్పారు. ఇది భాష ఇబ్బందేమో కనుక్కుంటావా? వాళ్లు సరేనన్నారు."

నేను అదే ప్రశ్న తెలుగులో అడిగాను. ఆయన తలదించుకుని కార్పెట్టు చూస్తున్నాడు. ఆవిడే చెప్పింది.

"భాష ఇబ్బంది కాదన్నా. మాకు పెళ్లి కాలేదు."

ఎలా పలకాలో చాలాకాలంగా మనసులో అనుకుని పెట్టుకున్న మాటలా వచ్చింది అది. ఆయన మాత్రం తల ఎత్తలేదు.

కథ పొడుగైనదేమీ కాదు. ఆయనకు రాజమండ్రిలో భార్య ఉంది, గవర్నమెంటు స్కూలు టీచరు. ఒక కొడుకు. కెనడా వచ్చిన కొత్తలో ఆయన ఆవిణ్ణి రమ్మన్నాడు, ఆవిడ ఉద్యోగం వదిలి రానంది. ఈయన ఇది వదిలి వెళ్లనన్నాడు. పోట్లాట ఒకటే, అది ఫోన్లలో రెండు మూడేళ్లు సాగి, తర్వాత అలసిపోయి ఆగిపోయింది. విడాకులన్న మాట రెండు కుటుంబాల్లోనూ ఎవరూ ఎత్తలేదు. కొడుకు చదువుకు ఈయన పంపుతూనే ఉన్నాడు. ఇక ఈవిణ్ణి హైదరాబాదు నుంచి తీసుకొచ్చిన భర్త, ఇక్కడ రెండు క్రెడిట్ కార్డుల అప్పు ఈవిడ పేరు మీద పెట్టి తాను అమెరికా వెళ్లిపోయాడు. ఈవిడకు విడాకులయ్యాయి. ఇద్దరూ కారు పూలింగులో పరిచయమయ్యారు. అద్దె కలిసొస్తుందని ఒక అపార్టుమెంటులో దిగారు. ఆ తర్వాత ఇల్లు కొన్నారు. ఈవిడ క్రెడిట్ బాగాలేదు కాబట్టి ఇల్లు ఆయన ఒక్కడి పేరు మీదే. వాయిదాలు మాత్రం ఇద్దరి జీతాల్లోంచీ వెళ్లేవి. చుట్టుపక్కల తెలుగువాళ్లు భార్యాభర్తలే అనుకున్నారు. వీళ్లు కాదనలేదు. అలా పదిహేనేళ్లు దాటాయి.

ఇప్పుడు ఆయన గుండెలో వాల్వు ఒకటి పాడైంది. ఆపరేషన్ తప్పదన్నారు.

"మేము విల్లు రాసేసుకున్నామండి," అన్నాడు ఆయన, మొదటిసారి నాతో. "ఇది కరెక్టుగా ఉందో లేదో చూడమనే వచ్చాం." జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. వాళ్ల బేస్‌మెంటులో ఉండే కరీంనగర్ అమ్మాయి, కాలేజీలో ఏదో సప్లై చెయిన్ కోర్సు చదువుతున్న పిల్ల, ఇంటర్నెట్టులో దొరికిన నమూనా దించి, ఖాళీలు నింపి, లైబ్రరీలో ప్రింటు తీసిచ్చింది. "నా యావదాస్తీ నా భార్యకు చెందును" అని ఒకటే వాక్యం. కింద ఆయన సంతకం. సాక్షులుగా ఇద్దరు: ఆ అమ్మాయి, ఈవిడ.

లాయరమ్మ కాగితం చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏ భార్యకు?" అంది.

ఆయన కాగితం వైపు చూశాడు, ఆవిడ ఆయన వైపు.

లాయరమ్మ ఎవరినీ తప్పుపట్టకుండా, వాతావరణం చెప్తున్నట్టు చెప్పింది. ఇందులో పేరు లేదు. చట్టానికి తెలిసిన భార్య ఒక్కరే, ఆవిడ ఇండియాలో ఉన్నారు. ఇది కోర్టుకు వెళితే ఇల్లు ఆవిడకే అని వాదించేవాళ్లు వస్తారు. పోనీ, భార్య అంటే ఈవిడే అని ఒప్పించామనుకోండి, అప్పుడు ఇంకో చిక్కు. ఈవిడ సాక్షి సంతకం చేసింది. వీలునామాలో ఎవరికి ఆస్తి వస్తుందో వాళ్లు సాక్షిగా ఉండకూడదు. ఉంటే వాళ్లకిచ్చింది చెల్లకుండా పోవచ్చు.

"అసలు ఏ కాగితమూ లేకపోతే?" అని ఆయన అడిగాడు. "ఇన్నేళ్లు కలిసి ఉంటే భార్యతో సమానమే కదండీ. మేం ట్యాక్సుల్లో కామన్ లా జంట అనే వేస్తున్నాం."

మీరూ ఇదే అనుకుంటూ ఉంటారు. దాదాపు అందరూ అనుకుంటారు. ట్యాక్సుల వాళ్లు అలా అనుకుంటారు, ఇమ్మిగ్రేషన్ వాళ్లు అనుకుంటారు, ఆస్పత్రి వాళ్లు కూడా అనుకుంటారు. కాని మా ఒంటారియో రాష్ట్రంలో మనిషి విల్లు లేకుండా పోతే, పెళ్లి కాని తోడుకు వారసత్వంగా వచ్చేది సున్నా. యాభై ఏళ్లు కలిసున్నా అంతే. కోర్టుకెక్కి, నా జీతం కూడా ఈ ఇంట్లో పోశానని రుజువు చేసుకుంటే ఎంతో కొంత రావచ్చు. అంటే మనిషి పోయిన దుఃఖంలో ఉన్నావిడ పాత బ్యాంకు కాగితాలు వెతుక్కుంటూ కూర్చోవాలి. చట్టాలు తర్వాత కొంత మారాయిగాని, ఈ ఒక్క విషయం నేను రిటైరయ్యేనాటికీ మారలేదు.

లాయరమ్మ చెప్పింది నేను తెలుగులో మళ్లీ చెప్పాను. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

"కొత్తది రాస్తే ఈవిడ నా భార్య కాదని రాయాలా?"

"ఉన్నది ఉన్నట్టు రాయాలి," అంది లాయరమ్మ.

"ఆలోచించుకుని చెప్తామండి," అన్నాడు. ఈ మాటకు మా వృత్తిలో అర్థం రారు అని.

రాలేదు కూడా. లాయరమ్మ ఒక ఉత్తరం పంపింది, జవాబు లేదు. ఆకులు రాలడం మొదలైంది. ఒక మధ్యాహ్నం గ్వెల్ఫ్ ఆవిడ నాకు ఫోన్ చేసింది. వెనకాల ఫోర్క్‌లిఫ్టు వెనక్కి వచ్చే చప్పుడు వినపడుతోంది, బ్రేకులో ఉన్నట్టుంది.

"అన్నా, ఆయన రారు. నేనొక్కదాన్నే వచ్చి రాయించొచ్చా?"

"ఆయన విల్లు మీరు రాయించకూడదమ్మా. అలా రాయించింది నిలబడదు. మీరసలు ఆ గదిలోనే ఉండకూడదు."

"నేను గట్టిగా అడగలేనన్నా. ఇన్నేళ్లలో ఆయన్ని ఇది కావాలని ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు ఆపరేషన్ ముందు ఇల్లు నా పేర రాయమంటే ఏమనిపిస్తుంది చెప్పండి. ఎప్పుడు పోతారా అని కూర్చున్నట్టుంటుంది."

ఆదోనిలో ఆస్తి కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న కేసులు చూశాను. అడగలేక ఆస్తి పోగొట్టుకునేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉంటారని నాకు మిస్సిసాగాలోనే తెలిసింది. అడగడం అత్యాశలా కనపడుతుందని ఆడవాళ్లు అడగరు. చెప్పడం అపశకునమని మగవాళ్లు చెప్పరు. ఇద్దరి మధ్యా డబ్బు తీసుకుని అడిగే మూడో మనిషి ఒకరు కావాలి. లాయరు చేసే పనిలో సగం అదే. మిగతా సగమే చట్టం.

ఆవిడ ఫోన్ చేసిందని లాయరమ్మకు చెప్పాను. ఆయనకు ఫోన్ కలపమంది, నన్ను లైనులో ఉండమంది. ఇంటి గురించీ ఆవిడ గురించీ ఒక్క మాట ఎత్తకుండా, "మీకు ఏది భయం?" అని అడిగింది.

ఆయన ఇంకో ప్రశ్నతో జవాబిచ్చాడు. "ఇది మావాళ్లు చూస్తారాండీ?"

"మీరున్నంతకాలం మీరు చూపిస్తే తప్ప ఎవరూ చూడరు. నేను చెప్పను, నా క్లర్కు చెప్పడు."

"పోయాక?"

"పోయాక కోర్టులో వేస్తే, కావాలనుకున్నవాళ్లు చూడొచ్చు. కాని అప్పటికి వాళ్లకు జవాబు చెప్పాల్సిన పని మీకుండదు."

ఫోనులో ఒక నవ్వు వినపడింది. చిన్నదే. ఆ నవ్వుతో ఫైలు మళ్లీ తెరుచుకుంది.

అపాయింటుమెంటు రెండు వారాల తర్వాత పెట్టుకున్నాం. ఈలోగా ఆస్పత్రిలో ఎవరిదో ఆపరేషన్ వాయిదా పడి, ఆ ఖాళీలో ఈయన్ని రమ్మన్నారు. ఎల్లుండి పొద్దున్నే చేరాలి. ఆవిడ ఫోన్ చేసేసరికి మొదటి మంచు పడుతోంది. ఆయనకు అప్పటికే ఆయాసం, మెట్లు ఎక్కలేడు. లాయరమ్మ కిటికీలోంచి ఒకసారి చూసి, "నీ కారా, నా కారా?" అంది. మర్నాడు నా కారులోనే బయల్దేరాం. దారంతా లారీల వెనక పాక్కుంటూ వెళ్లాం. ఆవిడ ఒళ్లో చిన్న ప్రింటరు పెట్టుకుని కూర్చుంది, నా డ్రైవింగు మీద ఏ వ్యాఖ్యానమూ చేయలేదు.

గ్వెల్ఫ్‌లో వాళ్లది ఇటుకల టౌన్‌హౌసు. తలుపు తీసింది కరీంనగర్ అమ్మాయి. తలకు టవలు చుట్టుకుని, చేతిలో గరిటెతో ఉంది. "ఆంటీ, లాయర్ మేడం వచ్చిన్రు," అని కేకేసింది.

లాయరమ్మ బూట్లు విప్పి లోపలికి వచ్చి మొట్టమొదట చేసిన పని ఆవిణ్ణి బయటికి పంపడం. "ఆయనతో ఒంటరిగా మాట్లాడాలి. మీరు దగ్గర లేకపోవడమే మీకు మంచిది. రేపు ఎవరైనా, ఈవిడ పక్కన కూర్చుని రాయించుకుంది అంటే, లేదు అని నేను చెప్పగలగాలి." ఆవిడ తలూపి, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని బేస్‌మెంటులోకి దిగిపోయింది.

ఆయన సోఫాలో రెండు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. లాయరమ్మ ఒక్కొక్కటీ అడుగుతోంది. ఈరోజు ఏ వారం, మీకేమేం ఉన్నాయి, మీకెవరెవరున్నారు. పిచ్చి ప్రశ్నల్లా ఉంటాయి గాని, మనిషి తెలివిలో ఉండి, తనంతట తనే చెప్పాడన్నది ఈ జవాబుల్లోనే తేలుతుంది. ఇల్లు ఎవరికి అంటే ఆవిడకే అన్నాడు. బ్యాంకులో దాచిందాంట్లో కొంత కొడుక్కి. రాజమండ్రిలో ఉన్న స్థలం సంగతి అక్కడి వకీలు చేత రాయించుకోమని లాయరమ్మ చెప్పింది. అన్నీ చూసే బాధ్యత, ఆఖరికి దహనం ఎక్కడ, ఎలా అన్నది కూడా, ఈవిడ చేతుల్లోనే పెట్టాడు.

అప్పుడు ఆవిణ్ణి ఏమని రాయాలన్న దగ్గర ఆగాం. లాయరమ్మ "కామన్ లా పార్ట్‌నర్" అని రాసుకుంది. ఆయన నా వైపు చూశాడు.

"దాన్ని తెలుగులో ఏమంటారండీ?"

నేను ఇరుక్కుపోయాను. తెలుగులో ఆ సంబంధానికి మాటలు లేకపోలేదు, చాలానే ఉన్నాయి. ఒక్కటీ ఆయన ముందు పలకదగ్గది కాదు. చివరికి, "సహచరి అనొచ్చు," అన్నాను.

"అది పుస్తకాల్లో మాట. ఎవరన్నా అంటారా అలా?"

"అనరు."

ఆయన బేస్‌మెంటు తలుపు వైపు చూశాడు. కింద నుంచి పోపు వాసన వస్తోంది.

"కలిసి ఉండటం మొదలైన రోజు నుంచి ఫ్యాక్టరీలో ఎవరడిగినా మా ఇంటావిడ అనే చెప్పానండి. అబద్ధం చెప్పానని లోపల పీకుతూనే ఉండేది. ఇప్పుడు ఈ ఇల్లు ఆవిడ పేర రాస్తున్నాను కదా. ఇక అబద్ధమెలా అవుతుంది? ఈ ఇంటికి ఆవిడే ఇంటావిడ."

ఆయన ఏమన్నారని లాయరమ్మ నన్ను అడిగింది. ఇంటావిడ అంటే భార్య అనీ అర్థమే, ఇంటి యజమానురాలు అనీ అర్థమే అని చెప్పాను. మీ భాష మా చట్టం కంటే నయం అంది. తర్వాత విల్లులో ఆవిడ పూర్తి పేరు రాసి, ఏ ఇంట్లో ఏ ఏడాది నుంచి ఆయనతో కలిసి కాపురం ఉంటోందో రాసి, ఆ తర్వాతే చట్టం పెట్టిన పేరు రాసింది.

"ఇప్పుడు మొదటి ఆవిడ సంగతి," అంది. "ఆవిణ్ణి ప్రస్తావించకపోతే మీరు మర్చిపోయారంటారు. ఎందుకు ఏమీ ఇవ్వడం లేదో మీ మాటల్లో చెప్పండి."

అది చెప్పడానికే ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. చెప్పింది మాత్రం కొంచెమే. నేను ఇంగ్లీషులోకి మార్చాను, లాయరమ్మ టైపు చేసింది. ప్రింటు తీసి, మొదటి నుంచి చివరి దాకా ఆయనకు చదివి వినిపించాం. ఆయన సంతకం చేశాడు. సాక్షులుగా లాయరమ్మ, నేను. సాక్షి సంతకం చేసేటప్పుడు మా ఇద్దరికీ ఆ ఇంట్లో ఒక చెంచా కూడా రాదన్న సంగతి గుర్తొచ్చి నాకు హాయిగా అనిపించింది.

కింద జరిగింది నాకు ఆవిడే తర్వాత చెప్పింది. బేస్‌మెంటులో స్టవ్వు పక్కన కూర్చుని ఉంటే, ఆ అమ్మాయి, "నేను రాసింది తప్పయిందా ఆంటీ? మంచిగనే నింపిన కదా," అని పదేపదే అడిగిందట. పాపం తను రాసింది చెడగొట్టిందని కుమిలిపోతోంది. ఈవిడకు దాచబుద్ధి కాలేదు. "నువ్వు రాసింది తప్పు కాదమ్మా. మేమిద్దరం పెళ్లి చేసుకోలేదు. ఆ సంగతి నీకు తెలీదు," అని చెప్పేసింది. ఆఫీసులో నేనడిగితే చెప్పింది కాక, ఇన్నేళ్లలో ఒక తెలుగు మనిషికి తనంతట తాను చెప్పడం అదే మొదలు.

ఆ పిల్ల పోపులో గరిటె తిప్పుతూ అందట.

"అయితే ఏంది ఆంటీ. రెంటు పెంచుతరా ఏంది?"

ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. వాళ్లు నాలుగొందల ఒకటి మీద అంత దూరం వచ్చి దాచిన విషయం, కింద గదిలో ఉన్నవాళ్లకు రెంటు పాటి కూడా కాదు.

పై నుంచి మేం పిలిస్తే ఇద్దరూ వచ్చారు. ఆ అమ్మాయి అందరికీ పులిహోర పెట్టింది. లాయరమ్మ కారం తట్టుకోలేక మంచినీళ్లు తాగుతూనే ప్లేటు ఖాళీ చేసింది. ఎవరూ విల్లు గురించి మాట్లాడలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇది చెప్పేటప్పుడు వినేవాళ్లు కొంత నిరుత్సాహపడతారు, విల్లు రాసిన మర్నాడే మనిషి పోవాలని కథల్లో అలవాటు. విల్లు రాస్తే తొందరగా పోతారన్న మూఢనమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. మా ఆఫీసు బీరువాల్లో దానికి విరుద్ధమైన సాక్ష్యం గోడ పొడుగునా ఉండేది. ఆయన మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లాడు, తర్వాత మానేశాడు. కరీంనగర్ అమ్మాయి చదువయ్యి వాటర్లూలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే, వేరే పిల్లలు దిగారు. ఇల్లు ఎప్పుడూ నిండుగానే ఉండేది.

కోవిడ్ తగ్గాక ఒక జనవరిలో ఆయన నిద్రలోనే పోయాడు.

ఆవిడ మా ఆఫీసుకు వచ్చినప్పుడు నేను రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాను. ఏడుపు అప్పటికే అయిపోయిన ముఖం. బ్యాంకు వాళ్లు మీరెవరు అంటే విల్లు చూపించిందట. ఫ్యూనరల్ హోము వాళ్లు ఎవరి సంతకం కావాలి అంటే అదే చూపించిందట. "అన్నిచోట్లా నన్ను కూర్చోమనే అన్నారన్నా," అంది. దహనం అయిపోయింది. అస్థికలు మాత్రం ఇంట్లోనే ఉంచింది. కొడుకు వీసా కోసం అప్లై చేశాడు. అతను వచ్చాక అతని చేతికే ఇవ్వాలని ఆవిడ నిర్ణయం. అలా నిర్ణయించే హక్కు తనకుందని ఎవరూ ఆవిడకు గుర్తు చేయనక్కర్లేకపోయింది.

కోర్టుకు వేసేముందు కొడుక్కి కాగితాలు పంపాలి. పంపాం. ఆ తర్వాత మా లాయరమ్మ ముఖంలో నేను ఎప్పుడూ చూడని చిన్న ఆందోళన ఉండేది. రాజమండ్రి ఆవిడ ఇక్కడ ఒక లాయరును పెట్టుకుంటే, గెలిచినా ఓడినా, ఇల్లు రెండేళ్లు కోర్టులో నానుతుంది.

ఒక ఉదయం రిసెప్షనిస్టు నా వైపు ఫోను చూపించింది. "మీ దేశం."

"నేను రాజమండ్రి నుంచి మాట్లాడుతున్నానండి," అంది అవతలి గొంతు. పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి స్పష్టంగా, మెల్లగా మాట్లాడటానికి అలవాటుపడిన గొంతు. తానెవరో చెప్పింది. "మా అబ్బాయికి వచ్చిన కాగితాల్లో నా పేరు ఉందటగా. వాడు చదవనంటున్నాడు. మీరు చదువుతారా?"

"అమ్మా, మేం అవతలి పక్షం లాయర్లం. మీకు నేను ఏ సలహా ఇవ్వకూడదు. మీరు వేరే లాయరును అడగడం మంచిది."

"సలహా అడగలేదండీ. చదవమన్నాను."

లాయరమ్మను అడిగాను. కొడుకు దగ్గర ఉన్న కాగితమే కదా, చదువు, ఒక్క మాట కూడా కలపకు అంది. నేను ఆ పేరా తెలుగులోకి మారుస్తూ చదివాను. తనకు చట్టరీత్యా భార్య ఉందని, చాలా ఏళ్లుగా వేరుగా ఉంటున్నామని, ఆవిడకు తన ఉద్యోగం, తన పెన్షను ఉన్నాయని, ఆస్తి ఇవ్వకపోవడానికి అదే కారణమని. కొడుకును ఆవిడ ఒక్కతే పెంచిందని. ఆవిడ మీద తనకు ఏ ఫిర్యాదూ లేదని.

"ఆఖరిది మళ్లీ చదవండి."

చదివాను.

"ఇది లాయరు గారు రాసిందా, ఆయన చెప్పిందా?"

"ఆయనే చెప్పారమ్మా. నేను అక్కడే ఉన్నాను."

 

"నాతో ఎప్పుడూ అనలేదు ఆ మాట," అంది. ఆ తర్వాత, "సరేనండి. ఆ ఇల్లు నేను చూసింది లేదు, అడిగేదీ లేదు. అదే కాగితం మీద రాసి పంపమంటే పంపుతాను."

నేను మళ్లీ నా పాఠం చెప్పాను, సంతకం పెట్టేముందు లాయరును అడగమని. అడుగుతానంది. తర్వాత నిజంగానే అడిగి, రాసి పంపింది కూడా. కాని ఆ రోజు ఫోను పెట్టేసేముందు ఇంకో మాట అంది.

"మావాడికి వీసా వచ్చింది. వచ్చే నెల వస్తున్నాడు. ఎన్నడూ చలి ఎరగడు. ఎలాంటి బట్టలు తెచ్చుకోవాలో ఇక్కడెవరికీ తెలీదు. ఆవిణ్ణి ఒకసారి వాడికి ఫోన్ చేసి చెప్పమంటారా?"

చెప్తానన్నాను. ఇది ఫైల్లో రాయాల్సిన విషయం కాదు కాబట్టి మధ్యాహ్నం నా సొంత ఫోను నుంచే గ్వెల్ఫ్‌కు చేశాను. రాజమండ్రి ఆవిడ ఇల్లు అడగనందని ముందు చెప్పాను. తర్వాత బట్టల సంగతి చెప్పాను.

"ఆ అబ్బాయి కోటు సైజెంతో అడిగారా అన్నా?"